అక్షరానికి మూడు రూపాయలు

గాంధీ రోడ్డులో స్టీలు సామాన్ల అంగడి ముందర
నా ముక్కాలిపీట, నా మిషను, ఒక ప్లగ్గు.
గిన్నెల మీద పేర్లు కొట్టడం నా పని.
తెలుగైనా ఇంగ్లీషైనా అక్షరానికి మూడు రూపాయలు.
వత్తుకు డబ్బులు తీసుకోను,
దీర్ఘానికీ తీసుకోను.
మా నాయన కాలం నుంచి అంతే.

అప్పటి పేర్లు చిన్నవేం కావు గానీ, నిదానమైనవి.
మునిలక్ష్మమ్మ. పెద్దరెడ్డెప్ప. చెంగల్రాయుడు.
పెండ్లి చెంబు మీద ఒకసారి పడితే
మూడు తరాలు చింతపండేసి తోమినా చెరగవు.

ఇప్పుడు చీటీ చేతికిచ్చి
"ఉన్నదున్నట్టు కొట్టన్నా" అంటారు.
యశ్విత్‌కు రెండు ఎస్సులు.
శాన్వికి నడిమధ్య ఒక హెచ్చు,
పిలవని పెండ్లికి వచ్చి
ఎవరితో మాట్లాడకుండా కూర్చున్న చుట్టం మాదిరి.
క్రితిక్‌కు చివర ఇంకో కె.
చంద్రగిరిలో ఎవరో లెక్కేసి పెట్టించినారంట,
మొత్తం ఐదొస్తే అబ్బోడికి కలెక్టరు యోగమంట.
నాకేం. ఇంకో మూడు రూపాయలు.

ఓనరు గోవర్ధన శెట్టి మాత్రం ఊరుకోడు.
కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి
ప్రతి చీటీనీ పైకి చదువుతాడు.
"ఇది పేరా, బండి నంబరా?"
కొనేవాళ్ళు నవ్వుతారు.
నేనూ నవ్వేవాణ్ణి.

బడులు తెరిచే ముందటి ఆదివారం
పాకాల నుంచి ఒకామె వచ్చింది.
చేతిలో రెండంతస్తుల క్యారియరు,
కొంగు పట్టుకొని ఆరేండ్ల పిల్ల.
చీటీ లేదు, ఆధార్ కార్డు చూపించింది.
జాహ్నవి.
ఇంగ్లీషులో చివర మూడు ఇ లు, వరసగా.
"జాహ్నవీఈఈఈ" అని శెట్టి మేకపిల్ల గొంతుతో చదివినాడు.
అంగడంతా నవ్వు.

"న్యూమరాలజీ సార్" అనింది ఆమె,
బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పినట్టు.

శెట్టి లోపలికి పోయినాక
మిషను రొద చాటున నాకు చెప్పింది.
"న్యూమరాలజీ లేదు, ఏమీ లేదన్నా.
పెద్దాసుపత్రిలో సర్టిఫికెట్టు కొట్టినాయప్ప
ఎవరితోనో ఫోన్లో మాట్లాడతా
వేలు ఆ మీట మీదే పెట్టి మరిచిపోయినాడు.
మార్చమని నాలుగు తూర్లు తిరిగినాం.
అఫిడవిట్ అన్నారు, నోటరీ అన్నారు,
ఆ సారు లీవన్నారు.
పోయినప్పుడల్లా దామలచెరువు మండీలో
మామిడికాయలేరే కూలి పాయె.
ఐదో తూరి మా ఆయన అన్నాడు,
పోనీలేమే, రెండక్షరాలు మోయలేక
బిడ్డేమన్నా పడిపోతాదా అని.
తప్పు పడిందంటే బిడ్డను చూసి అయ్యో అంటారన్నా.
న్యూమరాలజీ అంటే
నవ్వినా కొంచెం గౌరవంగా నవ్వుతారు."

నా చెయ్యి ఆగింది.
నా పేరు నాదముని.
రేషన్ కార్డులో నాదమని.
"నాదని చెప్పి తీసుకపోవయ్యా"
అని డీలరు నెలనెలా అదే ఎగతాళి.
ముప్పై ఏండ్లుగా ఆ కొమ్ము లేని పేరుతోనే
బియ్యం తెచ్చుకుంటా ఉండా.

రెండు ఇ లు కొట్టి తలెత్తినా.
"మూడోది వదిలేసేదా మా?
క్యారియరును ఆధార్ ఎవరడుగుతారు?"

ఆమె ఏదో అనేలోపల పిల్ల అనింది,
"మూడూ ఉండాల తాతా.
మా క్లాసులో ఇంకో జాహ్నవి ఉండాది.
ఆ పాపకు ఒకటే."

కొట్టినా, మూడోదాన్ని
మిగతా రెండింటి కంటే కొంచెం లోతుగా.

కింది గిన్నె మీద తెలుగులో కావాలంట.
హ కింద న వత్తా, న కింద హ వత్తా,
ఇన్నేండ్ల పనిలో ఒక్క క్షణం నాకే అనుమానం.
నోరు ఒకటి అంటాది, చెయ్యి ఒకటి రాస్తాది.
శెట్టిని అడిగితే
గాలిలో వేలితో రెండు తూర్లు రాసుకొని
చిల్లర ఎంచడానికి పోయినాడు.
పిల్లే నా అరచేతిలో
గోరుతో గీసి చూపించింది.

మూడక్షరాలు, తొమ్మిది రూపాయలు.
వత్తు ఊరికే.