పెట్రోలు పైసలు

రాత్రి రెండింటికి ఫోన్ మోగితే
నా చెయ్యి ముందుగాల బూట్లకు పోతది.
పద్నాలుగేండ్ల సంది అదే అలవాటు.
పడ్డ కార్లను గుంజుకొచ్చే బండి నాది.
హార్షమ్ చుట్టు డెబ్బై కిలోమీటర్ల దాకా
ఎవలి కారు ఏ చెట్టుకు ఒరిగినా
పోలీసోళ్లు నన్నే లేపుతరు.

లాక్లన్ నా దగ్గర పనికి చేరినప్పుడు
పద్దెనిమిది నిండి మూడు నెల్లు.
గొలుసుకు కొక్కెం ఎట్ల తగిలియ్యాలె,
గాజుపెంకులు చీపురుతోని కాదు
పారతోని ఎట్ల ఎత్తాలె, అన్ని నేర్పిన.
నుజ్జయిన కార్లల్ల
ఇంకా సల్లదనం పోని బీరు డబ్బాలను
వాడు గూడ చూసిండు నాతోని.
చూసినోడు చెయ్యడనుకున్న.
చూసుడు వేరు.

ఒక శనారం రాత్రి వాడే ఫోన్ జేసిండు.
"బాస్, మర్టోవల ఉన్న. తాగిన.
కారు ముట్టుకోలే. జర వస్తవా?"
పోయిన. పోకుంట ఉంటనా.
కాని ముప్పై కిలోమీటర్లు
వాని చెవుల జోరీగ లెక్క మోగుకుంటనే తెచ్చిన.
నాకు నిద్ర ఉండదా, నేను నీ నౌకర్నా,
తాగెటప్పుడు లేని సోయి ఇప్పుడెందుకురా అని.
వాడు అద్దానికి తలకాయ ఆనిచ్చి
సారీ బాస్, సారీ బాస్ అన్నడు.
ఆ వారం జీతంల
పెట్రోలు పైసలు పట్టుకున్న.
ఇరవై డాలర్లు.
నవ్వులాటకే.
నవ్వులాటకే అని ఇప్పటికీ అంటున్న.
వాడు గూడ నవ్విండు,
యార్డుల పోరగాండ్లంత నవ్విన్రు.

సెప్టెంబర్ల, ఊరి ఫుట్‌బాల్ టీము ఫైనల్ గెలిచిన రాత్రి
నా ఫోన్ రెండింటికి మోగింది.
వాడు కాదు. పోలీసు.
ఎక్కడ అని అడిగిన గని
ఏ రంగు కారు అని అడుగలే.

తొవ్వకు రెండు దిక్కుల కనోలా పూసింది,
మనకాడి ఆవచేను లెక్కనే.
లైట్ల ఎలుగుల పసుపు, అంత పసుపు,
పెండ్లింటికి పోతున్నట్టు పోయిన.

నీలగిరి చెట్టు మొదట్ల
ఎర్ర అక్షరమున్న చిన్న పలక
గడ్డిల ఎల్లెలకల పడుంది.
కొత్తగ నేర్చినోళ్ల కార్లకు ఉంటది చూడు,
ఒక్క చుక్క గూడ ముట్టొద్దని దానర్థం.
రేడియో ఇంక మాట్లాడుతనే ఉంది,
రేపు మంచిగ ఎండ కొడ్తదట.

లాక్లన్ బతికిండు.
పక్క సీట్ల కూసున్న టెగన్
అంబులెన్సు దాకా గూడ ఆగలే.

వేరేటోన్ని పిలుస్తమన్నరు పోలీసులు.
వద్దన్న.
వానికి నేర్పిన కొక్కేన్నే
వాని కారుకు తగిలిచ్చిన.

కోర్టుల జడ్జమ్మ అడిగింది,
"ఆ రాత్రి ఫోన్ జెయ్యనీకి నీకు ఎవలూ లేకుండెనా?"
వాడు చానసేపు నేల చూసి
"ఉండె" అన్నడు.
నా దిక్కు చూడలే.
చూసినా అయిపోవు.

టెగన్ వాళ్లమ్మ బేకరీల
పొద్దున నాకు రొట్టె చుట్టి ఇస్తది.
చిల్లర చేతిల పెట్టదు,
గాజు బల్ల మీద పెడ్తది.
ఒక్కొక్కటి గోరుతోని లేపి ఏరుకుంట.

నీతులు చెప్పెటోన్ని కాదు నేను.
క్లబ్బుల, చేతులు కడుక్కునే అద్దం పక్కన
నా నంబరు అతికిచ్చిన, అంతే.
కింద ఒక ముక్క:
ఏమీ అడగ. పైసలు తీసుకోను.

రెండు నెల్లు ఎవలూ చెయ్యలే.
మొన్న మోగింది. చెయ్యి బూట్లకు పోయింది.
ఎవలో పోరడు, నాలిక మడతపడ్తుంది,
"తాళం నా దగ్గరనే ఉందన్నా" అన్నడు
ఏడుపు గొంతుతోని.
"ఆ లైటు స్తంభం కిందనే నిలబడు" అన్న.

తొవ్వంత తిట్లు నోటిదాకా వచ్చినయి,
నలభై ఏండ్లది గద అలవాటు.
పండ్ల కింద నొక్కిపట్టిన.
సీటు బెల్టు పెట్టుకో, అన్నది ఒక్కటే మాట.
వాడు సగం తొవ్వల కక్కిండు,
నా కొత్త మ్యాట్ మీద.

ఇంటి ముంగట పైపు పట్టి
దాన్ని కడుగుతుంటే తెల్లారింది.