నీళ్లు పడుడు

అల్ ఐన్‌ల ఒంటెల దవాఖాన.
రాత్రి రెండున్నరకు
ప్లాస్టిక్ సంచిల వచ్చింది
నాలుగు రోజుల పిల్ల పేగు.
ఇంకా వెచ్చగనే ఉన్నది.

నా పని చిన్నది.
పేగు ముక్కను మైనంల దించాలె,
మిషన్ మీద ఉల్లిపొర కన్నా పలచగ కొయ్యాలె,
గులాబి, ఊదా రంగులు పట్టించాలె.
చదివేది డాక్టర్ ఇద్రీస్, సుడాన్ ఆయన.
పదకొండేండ్ల సంది ఆయన భుజం వెనక నిలబడి
దొంగతనంగ నేను గూడ చదువుతున్న.

ఊదా చుక్కలు కావలి కణాలు.
మూలుగల పుట్టినప్పుడు వాటికి ఏ పనీ రాదట.
పేగు గోడకు చేరినంక
పక్కన ఎవరున్నరో, ఏం తిండి వస్తున్నదో,
ఏ క్రిమి పాత కాపో, ఏది దొంగనో
అన్నీ అక్కడనే నేర్సుకుంటయట.
'అంటే హెల్పర్ వీసా' అని నవ్విండు చిన్నరాజం.
మా రూముల వంట మాస్టర్ వాడు.
వచ్చిన కొత్తల ఎసరు పెట్టరాకపోయేది.

జీవి జీవికి బడి వేరు.
కోడికి తోక కింద ఒక తిత్తి.
గొర్రెపిల్లకు చిన్నపేగు చివర మూరల కొద్ది పట్టీ,
ఈడొచ్చేసరికి అది మాయం,
బడి మూసి బెంచీలు గూడ ఎత్తుకపోయినట్టు.
ఫుజైరా నుంచి తెచ్చిన సొరచేపను కోస్తే
పేగు లోపల మెలికలు తిరిగిన మెట్లు,
చార్మినార్ ఎక్కిన రోజు యాదికొచ్చింది.
ఒంటె పేగుల దోసిళ్ల లాంటి గుంటలు.
దాని రక్తంల కొన్ని బాణాలకు ఒక ఈక తక్కువ,
అయినా గురి తప్పవు.

మనిషి బిడ్డకు కడుపులనే తల్లి కొంత మూట కడుతది.
ఒంటెపిల్లకు ఆ మూట ముర్రుపాలల్లనే.
మొదటి రోజు దాటితే పేగు తలుపేసుకుంటది,
తర్వాత ఎన్ని పోసినా
పాలు ఒట్టి పాలే.

ఈ పిల్ల తల్లి ఈనంగనే పోయిందట.
కాపరి షఫీకుల్ ఒళ్లె పండబెట్టుకొని డబ్బా పాలు పట్టిండు.
అద్దం అవతల నిలబడ్డడు,
అంగి నిండ ఎండిన పాల మరకలు.
"నా చేతుల్ల తప్పున్నదా?"
ఇద్రీస్ స్లైడు జరిపిండు, మళ్ల జరిపిండు.
గుంటలల్ల అక్కడొకటి అక్కడొకటి ఊదా చుక్క,
పని చెప్పేటోళ్లు రాక
అడ్డా మీద నిలబడ్డట్టు.
"చేతులు కాదు," అన్నడు అరబ్బీల, "గంటలు."

మొన్న జూన్ల కోరుట్ల పోయిన.
బోరు నీళ్లు తాగి మూడు రోజులు లేవలే.
అక్క కొడుకు పకపకా నవ్విండు,
"మామా, నీకు మన నీళ్లు పడుతలేవు!"
వచ్చిన ఏడాది ఇక్కడి డ్రమ్ము నీళ్లకు
ఇట్లనే పడిపోయిన.
నా లోపలి చుక్కలు
ఎప్పుడు ఎవరి ఉప్పుకు అలవాటైనయో,
నన్నైతే అడగలే.

వారం దాటినంక షఫీకుల్ ఫోను.
ఇంకో ఒంటె ఈనింది, పిల్ల లేచి నిలబడ్డది.
తల్లి దగ్గర మిగిలిన ముర్రుపాలు
ఒక సీసాకు పట్టి ఫ్రిజ్‌ల గడ్డకట్టిచ్చిండట,
ఎప్పుడన్న, ఏ తల్లిలేని దానికన్న.
సీసా మీద తారీఖు రాసిండట,
గంట గూడ.