మూడో మెట్టు లేని నిచ్చెన

కమార్గో దాటాక బస్సు నన్ను దింపేసి పోయింది.
అది లేపిన దుమ్ము మళ్ళీ నేలకు దిగేదాకా
నేనెక్కడున్నానో నాకే తెలియలేదు.
తర్వాత కొండలు కనిపించాయి,
కాలిన ఇటుక రంగులో, నిటారుగా,
ఎవరో గోడ కడుతూ కడుతూ
ఆకాశం అడ్డొస్తే ఆపేసినట్టు.

రెండువేల నాలుగొందల మీటర్ల ఎత్తు.
ఇక్కడ ఊపిరి కూడా అప్పుమీదే దొరుకుతుంది.
పదడుగులకోసారి ఆగి
వడ్డీ కడుతున్నాను.

వాగులో నీళ్ళు లేవు,
గులకరాళ్ళ మీద నీళ్ళు నడిచిన జాడ ఉంది.
ఒడ్డున ముళ్ళకంపల వెనక
పచ్చగా ఒక చీలిక.
ఇంత ఎడారికి ఇంతేనా పచ్చదనం అనుకున్నాను.
ఈ పిడికెడు పచ్చకి ఎంత ఎడారి కావాలో
అప్పటికింకా తెలియదు.

దోన్యా తెయోఫిలా గేటు తీసింది.
గేటంటే రెండు కర్రలూ ఒక తాడూ.
నల్ల టోపీ కింద రెండు జడలు,
వాటి చివర్లు వీపు మీద ముడేసుకుని ఉన్నాయి.
"తలనొప్పి," అంది. అడగలేదు, చెప్పింది.
కోకా ఆకులు మరిగించిన నీళ్ళు
చెవి విరిగిన కప్పులో పోసిచ్చింది.

తోటంటే వరసలుంటాయనుకున్నాను,
రాతి స్తంభాలు, ఇనుప తీగెలు.
ఇక్కడ పందిరి లేదు.
మొల్లె చెట్లున్నాయి.
చెట్టుకొక ద్రాక్షతీగ, నా తొడంత మొదలుతో
పైకి పాకి, చుట్టుకుని, లోపలికి దూరి...
కుస్తీ పడుతూ పడుతూ
ఎందుకో మరిచిపోయి
అలాగే నిద్రపోయిన ఇద్దరిలా ఉన్నాయి.
ఏ ఆకు ఎవరిదో తేల్చాలంటే నలిపి చూడాలి.
మిరియాల ఘాటు తగిలితే చెట్టుది.

"మా తాతకి తాత నాటాడంటారు.
ఎవరు చూడొచ్చారు?
చూసింది ఆ తీగొక్కటే, అది చెప్పదు."

కోతలై తొమ్మిది రోజులు.
చిటారు కొమ్మల్లో నాలుగు గుత్తులు మిగిలాయి.
"చిలకల వాటా," అన్నాడు మనవడు వెనాన్సియో,
ముందు పన్ను ఊడిన సందులోంచి.
"ఇవ్వకపోతే వచ్చే ఏడు తోటంతా అడుగుతాయి."
"ఒకటి నువ్వు కోసుకో," అంది తెయోఫిలా నాతో,
"వాటికి నేను చెప్పుకుంటాలే."

నిచ్చెన తెచ్చి ఆనించారు.
"మూడో మెట్టు లేదు, చూసుకో. సెవేరో విరగ్గొట్టాడు.
లావుగా ఉండేవాడు."
ఎప్పుడు అని నేనడగలేదు.
కొత్త మెట్టు కొట్టించొచ్చుగా అని కూడా.
కానీ నిచ్చెనకి మిగతా మెట్లన్నీ కొత్తవి,
లేత చెక్క, మెరిసే మేకులు.
రెండోదాని మీంచి నాలుగోదానికి
కాలు చాపాను. ఆ ఖాళీలో
ఒక మనిషి బరువు మోకాలికి తగిలింది.

పైన గాలి వేరు.
ఆకుల్లోంచి తల బయటపెడితే
లోయంతా ఒక్క రాయి, ఒక్క వెలుతురు,
మధ్యలో ఎవరో చేజార్చిన ఆకుపచ్చ నూలుపోగు.
ఎక్కడో మేక గంట.
అది ఆగాక వినపడినదానికి
నా దగ్గర మాట లేదు.

పళ్ళు చిన్నవి, నల్లవి, తోలు మందం.
కొరికితే ముందు ఎండ,
ఆ వెనక పంచదార,
ఆఖర్న, మింగేశాక, నాలుక అంచున
చెట్టు.

సాయంత్రం మట్టికుండలోంచి సారా పోసింది.
మొదటి చుక్కలు నేలకి.
"పాచమామా ముందు తాగాలి, పెద్దది కదా."
నేనూ వొంపాను, కాస్త ఎక్కువే పడింది.
"పర్లేదు," అంది, "ఈ ఏడు వానల్లేవు,
ఆవిడకి దాహంగానే ఉంటుంది."

కొండలు ఇటుకలోంచి దానిమ్మలోకి,
దానిమ్మలోంచి బూడిదలోకి మారుతుండగా
చలి మడమల్లోంచి మొదలైంది.
అప్పుడొచ్చాయి చిలకలు,
కొండచరియ బొరియల్లోకి పోతూ పోతూ
మా చెట్టు మీద వాలి,
లెక్క చూసుకుని,
ఒక్కసారిగా గోల.

తెయోఫిలా టోపీ సర్దుకుని లేచింది.
చెట్టు కింద నిలబడి, తలెత్తి,
కెచువాలో ఏదో చెప్పింది, నా వైపు వేలు చూపించి.
ఏమందో తెలియదు.
అవి కాసేపు వాదించాయి.