అచ్చుతప్పు

సుల్తాన్‌పేట సందులో నా ప్రెస్సు.
ఎన్నికలొస్తే మూడు పార్టీల కరపత్రాలు
ఒకే మిషన్ మీద, ఒకే సిరాతో పడతాయి.
ఆరేటప్పుడు ఒకదానికొకటి అంటుకోకుండా
మధ్యలో పాత క్యాలెండర్ కాగితాలు వేస్తాను.
అన్నిటికంటే చిన్న బిల్లు ఎప్పుడూ పెంచలమ్మదే.

సర్వే ఆఫీసులో ట్రేసరుగా ముప్పైయొక్కేళ్లు.
కన్నడం వాళ్ల నోట్లో పేరు అరిగి
పెన్సిలమ్మ అయింది.
ఆమె సర్దిచెప్పలేదు,
చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలుండేది గనక.

మొదటిసారి వచ్చినప్పుడు
గుడ్డ అతికించిన పాత పటం నా బల్ల మీద పరిచింది.
హొంగెకట్టె చెరువు,
నలభై రెండెకరాల పద్నాలుగు గుంటలు.
"ఇప్పుడెంతుంది?" అన్నాను.
"ఆ పద్నాలుగు గుంటలూ మిగిలాయి" అంది.
నవ్వాలో లేదో తెలీక కాగితం రేటు చెప్పాను.

పార్టీ పేరు పొడుగు, రెండు లైన్లు తినేది.
సభ్యులందరూ ఎక్కినా ఒక మెటడోర్ నిండదు.
గుర్తుగా గూడబాతునడిగింది.
పక్షులు, జంతువులు జాబితాలో ఉండవన్నారు.
ఈల ఇచ్చారు.
రెండోసారి ఎయిర్ కండిషనర్!
ఆ బొమ్మ చేత్తో పట్టుకుని మండుటెండలో
చెట్లు కొట్టొద్దని ఇల్లిల్లూ తిరిగింది.
ఓ ముసలాయన గంభీరంగా అడిగాడట,
"గెలిస్తే ఇంటికొకటి ఇస్తారా తల్లీ?"

డిపాజిట్టు పదివేలు పెన్షన్లోంచి తీసేది,
తిరిగి రాదని తెలిసీ చుట్టానికి అప్పిచ్చినట్టు.
ఆరువందల పదకొండు ఓట్లు.
తర్వాత నాలుగువందల చిల్లర.
"నోటా పెద్ద పార్టీ నాయనా,
దానికి కరపత్రాలు కూడా అక్కర్లేదు" అనేది.

మూడో ఎన్నికకు ముందు, ఒక సెప్టెంబరు రాత్రి,
వాన తన పాత చిరునామా వెతుక్కుంటూ వచ్చింది.
సెల్లార్లలో కార్లు తేలాయి.
లాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని
పిల్లలు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు.
ఏడో క్రాస్‌లో, పాల బూత్ మూడో మెట్టు దగ్గర
నీళ్లు ఆగాయి.
పటంలో ఆమె పెన్సిలు గీతా అక్కడే ఉంది.

జనం వచ్చారు. "మీరు ముందే చెప్పారమ్మా" అన్నారు.
టీ తాగారు, పటాన్ని ఫోటోలు తీసుకున్నారు.
అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది.
డబ్బడక్కుండా ఐదువేలు ఎక్కువేశాను.

ఆ తొందరలోనే పడింది తప్పు.
తెలుగు కరపత్రం, చివరి వాక్యం.
"చెరువును కాపాడతాం" అనాల్సింది
"చెరుపును కాపాడతాం" అని.
వకీ పకీ తేడా ఎంత,
తలకట్టు అతుక్కుందా విడిపోయిందా, అంతే.
పంచేశాక చూశాను.
ఆమె అద్దాలు పైకి నెట్టి చదివి
"ఇన్నాళ్లూ గెలిచినవాళ్లు చేసిందిదేగా,
పొరపాటున నిజం అచ్చేశావు" అంది.

ఏడో క్రాస్ బూత్‌లో ముప్పై నాలుగు పడ్డాయి.
మొత్తం ఎంతో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మొన్న, మళ్లీ ఎన్నికలనగా,
గెలిచిన పార్టీ మనిషి హామీల పుస్తకం తెచ్చాడు.
పదిహేడో హామీ.
మాటకు మాట ఆమెదే.
నీటి దారి, పూడిన రాజకాలువ, పద్నాలుగు గుంటలతో సహా,
ఆఖర్న "చెరుపును కాపాడతాం".
నా తప్పే, నాలుగు రంగుల్లో
నా గుమ్మంలోకి నడిచొచ్చింది.

మిషన్ ఆపి ఫోన్ చేశాను.
ఆటోలో వచ్చి, మెట్లు ఆగి ఆగి ఎక్కింది.
ఆ ముఖంలో కోపం కోసం వెతికాను.
నాకది కొంచెం అవసరమనిపించింది.
ప్రూఫు కాగితం కిటికీ వెలుతురుకు పెట్టి
మొదట్నించీ చదివింది,
గుంటల లెక్క దగ్గర ఒకసారి తలూపింది.
చెవి మీది పెన్సిలు తీసి
పు కొట్టేసి, పక్కన,
పటాల్లో రాసే నిటారు అక్షరాల్లో
వు రాసింది.

"ఎన్ని వేస్తున్నావు?"
"లక్ష."
"నాకెప్పుడూ ఇన్ని వేయలేదు నువ్వు."

మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.
"మరి నావెప్పుడు?
ఈసారి గుర్తు బకెట్టు."