ఖాళీ బరువు

ముషీరాబాద్ ప్రెస్సులో మా నాన్న కంపోజిటర్.
అక్షరాల్ని తిరగేసి చదివే మనిషి.
చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే
నుదుటి మీద వేళ్లతో ఏదో పేరుస్తూ కూర్చునేవాడు,
సీసం వాసన వేసేది.

ఎమర్జెన్సీలో ఓ సాయంత్రం
సెన్సారు ఆఫీసు నుంచి ప్రూఫు తిరిగొచ్చిందట.
మూడో కాలమ్‌కి అడ్డంగా ఎర్ర పెన్సిలు,
కింద ఒక పొట్టి సంతకం.
కట్టిన వార్తని పొట్లం విప్పినట్టు విప్పి
అక్షరాల్ని మళ్లీ గళ్లలోకి పంచేశాడు నాన్న.
క గడిలోకి క, ళ గడిలోకి ళ.
మిగిలిన చోట క్వాడ్లు పేర్చాడు:
సిరా అంటని, అచ్చు పడని సీసపు ముక్కలు.
"తెలుపు ఊకెనే రాదు బిడ్డా,
దాన్ని గూడ మోసుకొచ్చి పెట్టాలె."

తెల్లారి చిక్కడపల్లి హోటల్లో
చాయ్ తాగేవాళ్లు ఆ తెలుపు మీద వేలు పెట్టి ఆగారట.
వారం తిరక్కుండానే
ఖాళీ వదలడమూ నేరమన్నారు.
ఆ చోట్లో కాకరకాయ వేపుడు వేశారు.

నాది సోమాజిగూడ, ఆరో అంతస్తు, నైట్ డెస్క్.
ఇక్కడ ఎర్ర పెన్సిళ్లు లేవు.
మొన్న మంగళవారం నాగశిరీష వార్త తెచ్చింది:
బుడగలకుంట హద్దురాళ్లు రాత్రికి రాత్రి
నలభై గజాలు నీళ్లలోకి నడిచాయని.
ఫొటోలున్నాయి. సర్వే నంబరుంది.
చేపలు పట్టే ఎల్లేశం మాట ఉంది:
"రాళ్లకు కాళ్లొచ్చినయ్ మేడమ్,
చాపలకే రాకపాయె."

ఆ మాటనే హెడ్డింగు పెట్టాను.
పదకొండుంబావుకి యాడ్స్ వాళ్ల ప్లాను వచ్చింది,
ఆదివారం మొదటి పేజీకి ముందు నిండు జాకెట్:
'సరోవర తీరాన మీ ఉదయం'.
అదే కుంట.
కంప్యూటర్లో ఇంకాస్త నీలం కలిపారంతే.

ఎవరూ ఫోన్ చేయలేదు.
ఎవరూ వద్దనలేదు.
ఎడిటర్ గారు అప్పటికే ఇంటికెళ్లిపోయారు.
నేనే, మౌస్‌తో లాగి
'తర్వాత చూద్దాం' అనే ఫోల్డర్లో పడేశాను.
పక్క వార్తలు జరిగి
ఆ చోటును మింగేశాయి.
సందు లేదు, మచ్చ లేదు.
నాన్న చేతికి బరువైనా తెలిసేది.

పొద్దున రాంనగర్ వెళ్లి ఆయనకి చెప్పాను:
మీ రోజులే నయం నాన్నా,
పోయింది పోయినట్టు కనిపించేది.

ఇడ్లీ నములుతున్నవాడు ఆపేశాడు.
"మెచ్చుకోకు.
ఆ తెలుపు కింద పేరున్నాయన
పదకొండు నెలలు చంచల్‌గూడల ఉండె.
ఆయన పెండ్లాం రోజు ప్రెస్సు గేటు కాడికొచ్చి
మా ఆయన పేరు పేపర్ల వస్తదా అన్నా, అని అడుగుతుండె.
ఆమెకు క్వాడు సూపెట్టాల్నా నేను?"

కాసేపు ఏం మాట్లాడలేదు.
చూపు ఆనని కళ్లతో
నేనెక్కడున్నానో వెతుక్కుని అడిగాడు:
"గా రాత్రి నీ దాని మీద
సంతకం ఎవలు పెట్టిండ్రు?"

చట్నీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లాను.

ఆదివారం ఎల్లేశం ఫోను.
అయిదు కాపీలు కొన్నాడట, చుట్టాలకి పంచడానికి.
బయట వాన. రేకుల మీద చప్పుడు వినిపిస్తోంది.
"మనది రాలే మేడమ్. పేజీలన్ని తిప్పిన."
వచ్చే వారం అన్నాను.
నా గొంతు నాకే వేపుడు వాసన కొట్టింది.
"అట్లనే గానీ,
పైన మీది కాయితం మస్తుంది మేడమ్, మందంగ.
ఇల్లు కురుస్తుంటే
బియ్యం సంచి మీద కప్పిన.
సుక్క దిగుతలేదు."