ఉడకబెట్టిన చెక్క

పోయిన కార్తీకంలో
ఇసకపల్లి మొగ దాటుతుండగా
నా కుడికాలు పడవ తట్టులోకి దిగింది,
మోకాలి దాకా.
గడియ వెయ్యని తలుపు తోసినట్టు,
చప్పుడు కూడా కాలా.
పైన రంగు నవనవలాడతానే ఉండె,
లోపలంతా నానిన అటుకులు.

కావలి అంగట్లో కొన్న ప్లైవుడ్డు అది.
మెరైన్ అని నీలం సిరాతో అచ్చు గుద్ది ఉండె.
చెక్క పొడిపొడిగా రాలింది గాని
ఆ సిరా మాత్రం చెక్కుచెదరలా.

ఈసారి వేట నిషేధం మొదలుకాగానే
నెల్లూరు పోయి రెండు షీట్లు బేరమాడి
"ముందొక ముక్క ఇయ్యి, ఉడకేసి చూస్తా" నన్నా.
అంగడాయన ఎగాదిగా చూసి
జానెడు కోసిచ్చాడు.

పొన్నమ్మ అన్నం వండే తపేలాలో
ఆ జానెడు ముక్క, దానిపైన ఒక రాయి.
పొద్దుటి నుంచి సందేళ దాకా కుతకుత.
"ఉప్పు చూడమంటావా?" అనింది.
"మెతుకు పట్టి చూడు" అన్నా.
పట్టి చూసింది. గోరు దిగలా.
ఒక్క పొరా విడిపోలా.
"సరే, ఈ సంబంధం ఖాయం చేసుకో.
తపేలా మాత్రం కొత్తది తెచ్చిపెట్టు."

ఫైబర్ పని జిలానీది.
తెల్లవారుజామున మూడింటికే వచ్చాడు డబ్బాలతో.
రోహిణి ఎండకు రెజిన్ నిలవదు,
గట్టిపడే మందు కలిపినాక పది నిమిషాలే దాని ఆయుష్షు,
ఆ పైన మగ్గులోనే కోపం తెచ్చుకొని
పొగలు కక్కి రాయైపోతాది.

"నీళ్ళు పైనుంచి రావన్నా,
అంచుల్నుంచి వస్తాయి."
సెల్లు లైటు వేసి చూపించాడు:
ఒక పొర పడుకొని, ఒక పొర నిలబడి,
నిలబడినవన్నీ నోళ్ళు తెరుచుకొని.
బ్రష్షు ఆనించగానే గుటకేసింది చెక్క.
మళ్ళీ పూశాడు, మళ్ళీ తాగింది.
మూడోసారికి గాని దాహం తీరలా.
"ఇంక సముద్రాన్ని చూపించు,
కడుపు నిండినోడి మాదిరి మొహం తిప్పుకుంటాది."

మరలు బిగించే చోట
నాకు అంతుబట్టని పని ఒకటి చేశాడు.
సన్నటి మరకు బొటనవేలంత బెజ్జం.
దాన్ని నిండా రెజిన్ ముద్దతో పూడ్చి,
మర్నాడు ఆ పూడిక నడుమ
మళ్ళీ సన్నగా తొలిచాడు.
పూడ్చేదానికి తొలిచేదేంది,
తొలిచేదానికి పూడ్చేదేందని అడిగితే
"మరకూ చెక్కకూ పడదన్నా.
మధ్యలో ఒక పెద్దమనిషి ఉండాల."

మా నాయన తెప్పకు ఇవేమీ లేవు.
దుంగల సందుల్లో నీళ్ళు వచ్చేవి,
వచ్చిన దారినే పోయేవి.
ఒడ్డు చేరినాక కట్లు విప్పి
దుంగ దుంగా విడిగా ఇసకలో ఆరబెట్టేవాడు.
నీళ్ళను ఆపాలనే తలపే ఉండేది కాదాయనకు.
పడవ కొన్నాక గదా నాకీ తగువు,
ఇది లోపల, అది బయట అని.

తట్టు తిరగేసి అడుగున మూడు పూతలు పూశాం.
ఎవరికీ కనపడని వైపు.
చేపల పెట్టె చీకట్లో, ఐసు చెమటలో
పోయినసారి కుళ్ళు పుట్టింది ఆడనే.
అందరూ చూసే పైకి రెండే.

చివరి పూత జిగటగా ఉండగానే
కాలు జారకుండా ఇసక చల్లాల.
పొన్నమ్మ మంచినీళ్ళలో కడిగి ఎండబెట్టి
పిండి జల్లెడతో జల్లించింది.
తానే చల్లింది కూడా.
ముగ్గు పోసే చెయ్యి గదా,
ఒక్కచోటా కుప్ప పడలా.
ఇప్పుడు జల్లెడ కూడా కొత్తది తేవాలంట.

నిషేధం ఎత్తేసిన రోజు
బిందెడు నీళ్ళు గుమ్మరించాం తట్టు మీద.
గుండ్లు గుండ్లుగా గుమిగూడి, దారి వెతుక్కొని,
అంచు దాకా పోయి
ఆడ కాసేపు నిలబడి చూసి
మారు మాట్లాడకుండా సముద్రంలోకి దిగిపోయాయి.
నేను కాలు పెట్టా. కుడికాలే.
ఎందుకైనా మంచిదని
చెయ్యి మాత్రం జిలానీ భుజం మీద ఉంచా.

ఆ జానెడు ముక్కను పారెయ్యలా.
పాత తపేలాకు అదే ఇప్పుడు మూత.
లోపల పీతలు ఉడుకుతుంటే
ఆవిరికి ఎగిరెగిరి పడతా
టకటకమంటాది,
ఇదంతా నేనెప్పుడో చూశాలే అన్నట్టు.