కుర్చీ నాది, గోడలు వాళ్లవి

పదకొండేళ్లుగా ఈ హాల్లో నా ఉద్యోగం
"ముట్టుకోకండి" అనడం.
మా భాషలో గట్టిగా, జర్మన్‌లో మెల్లగా,
పిల్లలకైతే కళ్లతోనే.

క్లైపెదా రేవు పక్కన
ఒకప్పుడు వలలు ఆరేసిన గోదాం ఇది.
మూడు పూతలు సున్నం వేశారు.
ముసురు పట్టిన రోజున
గోడల్లోంచి ఇంకా చేపల వాసనే.

ఈ నెల ముగ్గురు.

తలుపు పక్కన విల్యుస్ ఫొటోలు.
పొగమంచు, రేవు క్రేన్లు,
నీటికీ నింగికీ మధ్య
కుట్టు కనపడని ఉదయాలు.
అన్నీ నలుపూ తెలుపే.
"రంగులకి డబ్బుల్లేవా?" అంది ఓ బడిపిల్ల.
అతను నవ్వలేదు.
చాలాసేపు ఆలోచించాడు పాపం.

నడిమి గోడ ఔష్రది.
తుప్పు రేకు, టీ మరకల గుడ్డ,
బస్సు టికెట్లు, వాళ్లమ్మ ఎక్స్‌రే,
అన్నిటినీ మైనంతో అతికించి
పైన ఒక జిప్పు కుట్టింది.
చూసిన ప్రతివాడికీ వేళ్లు దురదపెడతాయి.
నా "ముట్టుకోకండి"ల్లో సగం
ఆ జిప్పుకే ఖర్చు.
(ఓ రాత్రి తాళం వేసేముందు లాగి చూశాను.
వస్తుంది.
లోపల ఏముందో చెప్పను.)

కిటికీకి దూరంగా, చివర్న, జెనొవైతె.
ఎనభై మూడేళ్ల మనిషి.
గొర్రెల బొచ్చు కోసే కత్తెరతో మొదలుపెట్టిందట,
ఇప్పుడు చేతిలో గోళ్ల కత్తెర.
నల్ల కాగితం మడిచి నేరుగా కోస్తుంది.
గీత గీయదు.
పెన్సిలు భయం నేర్పుతుందంటుంది.
మడత విప్పితే
కొంగలు, నిచ్చెన, రెక్క విరిగిన గాలిమర,
రొట్టె పట్టుకున్న మనిషికి ఎదురుగా
అదే రొట్టెతో అదే మనిషి.
ఎవరు ఎవరికి ఇస్తున్నారో తెలీదు.

అద్దం బిగిస్తామంటే వద్దంది.
రెండు గుండుసూదుల మీద వేలాడదీయించింది.
అవతలి గోడ హీటరు వేసినప్పుడల్లా
కాగితం గోడను వదిలి కాస్త ముందుకొస్తుంది,
వెనక నీడ పలచబడుతుంది.
మళ్లీ వెనక్కి. నీడ మళ్లీ చిక్కన.
జనం లేని మధ్యాహ్నాలు నేను చూసేది
బొమ్మని కాదు, దాన్ని.

ప్రదర్శన ముందురోజు
ఓ కొంగ ముక్కు మందంగా ఉందని
నిలబడే సరిచేసింది.
వెంట్రుకంత నల్ల ముక్క నేలమీద పడింది.
చీపురు పట్టుకుని ఆగాను,
దాచుకుంటుందేమోనని.
"ఊడ్చెయ్ తల్లీ,
అది పోతేనేగా ఇది పక్షి."

తొమ్మిదో రోజు, బుధవారం,
వాన. ఒక్క పురుగు రాలేదు.
కాళ్లు పట్టేస్తే లేచి
విల్యుస్ గోడ వెంట నడిచాను,
డబ్బిచ్చి వచ్చినదానిలా.

ఇసుక తిన్నెల వైపు వెళ్లే బల్లకట్టు.
ఎక్కడానికి వరస.
గొడుగులు, సైకిలు, బుట్టలో కుక్క.
కుడి అంచున, చట్రం కోసేసిన చోట,
ఓ కోటు చెయ్యి.
మోచేతినుంచి మణికట్టు దాకా, అంతే.
మూడు బొత్తాలు.
రెండింటికి నాలుగేసి కళ్లు,
ఒకదానికి రెండే.

ఆ బొత్తాం కుట్టింది నేను.
అంగట్లో జత దొరక్క,
తెల్లదారం కూడా దొరక్క, చేపల దారంతో.

ఆ చేతిని పట్టుకుని నాలుగు వేళ్లు.
చూపు పోయాక ఫెలిక్సస్
నా మోచెయ్యి వదిలి ఎక్కడికీ నడవలేదు.
గట్టిగా పట్టేవాడు,
సాయంత్రానికి కోటు అక్కడ ముడతలు పడేది.
ముడతలు కూడా పడ్డాయి ఫొటోలో.

శనివారం విల్యుస్ వస్తే అడిగాను,
మామూలుగా, కుర్చీలోంచే:
"ఈ అంచున ఉన్నది ఎవరు?"
కళ్లజోడు పైకి తోసి చూశాడు.
"ఎవరో. వరసలో వాళ్లు.
అది కోసేద్దామనుకున్నానండీ.
మరిచిపోయాను."

పర్లేదు, బాగుంది, అన్నాను.

మరుసటి వారం క్యూరేటరమ్మ అడిగింది,
కుర్చీ ఎందుకిటు జరిపావు దొమిసెలె,
తలుపు కనపడదుగా అని.
చలిగా ఉంది,
ఇక్కడైతే హీటరు దగ్గర, అన్నాను.

హీటరు అవతలి గోడకు కదా,
ఆమె అటు చూసింది.
ఏమీ అనలేదు.